గడ్డాలు అంటించుకుని చెరువుకెళ్ళిన ఆడవాళ్ళు

గడ్డాలూ మీసాలూ అంటించుకుని మగవాళ్ళ చెరువుకి ఈతకని బయల్దేరిన ఆడవాళ్ళ సంగతి మీరెప్పుడైనా విన్నారా? సినిమాలో కామెడీ అనుకునేరు, కాదండీ. నిజంగా జరిగింది. 2018 మే నెలలో, ఓ శుక్రవారం నాడు, లండన్‌లో. పైకి నవ్వొచ్చే సంగతే గానీ కాస్త లోతుకి వెళితే నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే ఆ గడ్డాల వెనకాల ఉన్న ప్రశ్న చిన్నది కాదు. ఆడది నిస్సంకోచంగా బట్టలు మార్చుకుని, నీళ్ళలో దిగి, పైకొచ్చి తల తుడుచుకునే చోటు ఎవరిది? ఆ చోటుకి ఎవరు రావచ్చు? ఆ మాట ఎవరు చెప్పాలి? ఈ వారం ఆ కబుర్లే చెప్పుకుందాం. పప్పు సన్నటి సెగ మీద పెట్టి వచ్చి కూర్చోండి.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెబుతాను. లండన్‌కి ఉత్తరం వైపు హాంప్‌స్టెడ్ హీత్ అని పెద్ద పచ్చిక మైదానం ఉంది. సుమారు 790 ఎకరాలు. చెట్లూ, దిబ్బలూ, చెరువులూను. ఆ చెరువులు వాటంతటవి ఏర్పడ్డవి కావు. 17, 18 శతాబ్దాల్లో లండన్ జనానికి మంచినీళ్ళ కోసం వాగులకి అడ్డంగా గట్లు వేసి నీళ్ళు నిలవచేశారు. ఊరికి వేరే నీళ్ళొచ్చాక వీటిలో జనం ఈత మరిగారు. ఇప్పుడు వాటిలో మూడు ఈత చెరువులు. మగవాళ్ళది 1893లో మొదలైంది. ఆడవాళ్ళది 1925లో మొదలైంది. మూడోది ఆడా మగా కలిసి ఈదుకునేది. లెక్క వేసుకోండి, మగవాళ్ళకి చెరువు వచ్చిన 32 ఏళ్ళకి గానీ ఆడవాళ్ళకంటూ ఒకటి రాలేదు. ఏ దేశమైతేనేం, మన వంతు ఎప్పుడూ రెండో పంక్తే కదా!

ఆడవాళ్ళ చెరువుని కెన్‌వుడ్ లేడీస్ పాండ్ అంటారు. చుట్టూ దట్టంగా చెట్లు. దారి మొదట్లోనే బోర్డు ఉంటుంది, ఇది ఆడవాళ్ళకి మాత్రమే, మగవాళ్ళు ఇక్కడినుంచి ముందుకి రాకూడదు అని. లోపల లైఫ్‌గార్డులు కూడా ఆడవాళ్ళే. మందు కలిపిన నీళ్ళు కావు, మామూలు చెరువు నీళ్ళు. పక్కనే బాతులు ఈదుతూ ఉంటాయి. ఏడాది పొడుగునా తెరిచే ఉంచుతారు. చలికాలంలో ఆ నీళ్ళలో వేలు పెట్టినా జివ్వుమంటుంది, అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళలో ఎనభై దాటిన మామ్మలు కూడా ఉంటారు.

మా అక్క కూతురు ఉద్యోగం మీద లండన్‌లో ఉంటోంది. కిందటి వేసవిలో ఫోను చేసి, "పిన్నీ, ఇవాళ చెరువులో ఈదానే!" అంది. నేను గాభరా పడిపోయాను. అది నవ్వి, అంతా ఆడవాళ్ళేననీ, ఒడ్డున గడ్డి మీద పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారనీ, ఎవరి ఒంటి వంకా ఎవరూ చూడడం లేదనీ చెప్పింది. "ఇక్కడ నా పొట్ట గురించి నాకే గుర్తు రాలేదు పిన్నీ" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. పన్నెండో ఏట ఓణీ సర్దుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మనం ఒంటిని మర్చిపోయి ఎక్కడైనా ఒక గంట కూర్చున్నామా? ఆలోచించండి.

ఆ చెరువుకి వచ్చేవాళ్ళు అందరూ ఒకలాంటి వాళ్ళు కారు. మగవాళ్ళ ముందు ఈతకి దిగడం తమ మతాచారానికి కుదరని యూదు స్త్రీలు, ముస్లిం స్త్రీలు వస్తారు. జబ్బు చేసి రొమ్ము తీయించుకున్నవాళ్ళు వస్తారు. మగవాడి చేతిలో దెబ్బతిని మగవాడి నీడ పడితేనే ఉలిక్కిపడేవాళ్ళు వస్తారు. ఊరికే హాయిగా ఉంటుందని వచ్చేవాళ్ళు సరేసరి. వీళ్ళందరితో పాటు ట్రాన్స్ మహిళలు, అంటే పుట్టుకతో మగవాళ్ళుగా నమోదై, తర్వాత స్త్రీలుగా బతుకుతున్నవాళ్ళు కూడా కొందరు ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా వచ్చి ఈదిపోతున్నారు. మన భాషలో ఇలాంటివాళ్ళకి ఉన్న పాత మాటలు చాలావరకు తిట్లే. అందుకని నేను ట్రాన్స్ మహిళలు అనే రాస్తున్నాను.

మరి గొడవ ఎక్కడ మొదలైంది?

బ్రిటన్‌లో 2004లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఎవరైనా తాను పుట్టిన లింగం నుంచి మారానని ప్రభుత్వం చేత గుర్తింపు సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. దానికి డాక్టర్ల రిపోర్టులు కావాలి, రెండేళ్ళు ఆ విధంగా జీవించినట్టు రుజువులు కావాలి, అప్పట్లో 140 పౌండ్ల ఫీజు కూడా ఉండేది. ఇదంతా అవమానకరంగా ఉంది, మేమెవరమో చెప్పడానికి ఇంకొకరి సంతకం ఎందుకు అని ట్రాన్స్ సంఘాలు అడిగాయి. 2017లో అక్కడి ప్రభుత్వం, సరే, ఈ పద్ధతిని సులువు చేసే విషయం ఆలోచిస్తాం, ప్రజల అభిప్రాయం అడుగుతాం అంది. తానెవరో తానే చెప్పుకుంటే చాలు అనే ఈ పద్ధతినే స్వీయ ప్రకటన అనవచ్చు.

ఇది తేలిగ్గా అర్థం కావాలంటే మన ఇంట్లో ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇదివరకు పిల్లల మార్కుల జాబితా నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలంటే ఎంత తిరిగేవాళ్ళం! ఆయన ఎప్పుడొస్తాడో, సంతకం పెడతాడో లేదో అని గుమ్మంలో నిలబడేవాళ్ళం. తర్వాత 2014లో కేంద్ర ప్రభుత్వం, నకలు మీద ఎవరి సంతకం వాళ్ళే పెట్టుకోవచ్చు అని ప్రోత్సహించింది. ఎంత సుఖమైపోయింది! ట్రాన్స్ సంఘాలు అడిగింది అలాంటి సుఖమే. అయితే నకలు సంగతి వేరు, చివర్లో అసలు కాగితం చూపించాలి. మనిషి విషయంలో ఆ అసలు కాగితం ఏది? లోపల మనసా, పైన ఒళ్ళా? అక్కడే పేచీ.

చట్టం మారకముందే కొన్ని ఈతకొలనుల్లో, ఆటల సంఘాల్లో స్వీయ ప్రకటన పద్ధతి నడుస్తూ వచ్చింది. స్త్రీనని చెప్పినవాళ్ళు స్త్రీల గదిలోకి వెళ్ళవచ్చు. ఇది చూసి కొందరు ఆడవాళ్ళకి కోపం వచ్చింది. మా బట్టలు మార్చుకునే గది నియమం మారుస్తూ మమ్మల్ని ఒక్క మాట అడిగారా అన్నారు. వీళ్ళలో చాలామంది తల్లులు. ఇల్లూ పిల్లలూ గురించి మాట్లాడుకునేచోట ఒకరికొకరు పరిచయమైనవాళ్ళు. రోడ్డుమీద బస్సులు ఆపడం, అద్దాలు పగలగొట్టడం వాళ్ళ వల్లయ్యే పని కాదు. అందుకని వేళాకోళాన్ని ఆయుధం చేసుకున్నారు.

చెప్పుకుంటే చాలు అంటున్నారుగా, సరే, మేమూ చెప్పుకుంటాం, ప్రతి శుక్రవారం మేం మగవాళ్ళం అన్నారు. తమ ఉద్యమానికి మాన్ ఫ్రైడే అని పేరు పెట్టుకున్నారు. రాబిన్సన్ క్రూసో నవలలో దీవిలో దొరికిన తోడుకి ఉన్న పేరది. మగవాడు, శుక్రవారం రెండూ అందులోనే కలిసొచ్చాయి. పేరు పెట్టినావిడ ఎవరో గానీ గడుసుది!

2018 మార్చిలో దక్షిణ లండన్‌లోని డల్విచ్ ఈతకొలనులో మగవాళ్ళకి కేటాయించిన సమయంలో ఒకావిడ, మగవాళ్ళలాగే లాగు మాత్రం వేసుకుని, నెత్తిన గులాబి రంగు టోపీ పెట్టుకుని ఈదింది. నేను మగవాణ్ణని చెబుతున్నాను కదా అంది. ఆ సంగతి పత్రికల్లో పడింది. ఆ తర్వాత మే నెలలో హాంప్‌స్టెడ్ మగవాళ్ళ చెరువు వంతు వచ్చింది. కొందరు ఆడవాళ్ళు పెట్టుడు గడ్డాలతో, రకరకాల వేషాలతో ఒక గుంపుగా వెళ్ళారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, ఎవరి వస్తువూ పాడుచేయలేదు. మేం మగవాళ్ళం, ఈదడానికి వచ్చాం అన్నారు. అక్కడి సిబ్బందికి ఏం చేయాలో తోచలేదు. చివరికి పోలీసుల్ని పిలిచారు. పోలీసులు వచ్చి బయటికి వెళ్ళమన్నారు.

చూశారా తమాషా! ఆడవాళ్ళు అక్కడే తమ ప్రశ్న వేశారు. మేం మగవాళ్ళమని చెప్పుకుని మగవాళ్ళ చెరువుకి వెళితే పోలీసులు వస్తారు, మరి మా చెరువు దగ్గర మేం అడిగితే మమ్మల్ని దుర్మార్గులంటారెందుకు అని. ప్రశ్న పదునైనదే. కాదనలేం.

వాళ్ళ వాదన ఇంకొంచెం వివరంగా చెప్పాలి. వచ్చే ట్రాన్స్ మహిళలందరూ చెడ్డవాళ్ళని వాళ్ళలో ఆలోచనాపరులెవరూ అనలేదు. తలుపు దగ్గర, అయ్యా, ఇది ఆడవాళ్ళ గది అని చెప్పే హక్కు పోతే, రేపు ఎవడైనా దురుద్దేశంతో వచ్చినా నోరెత్తలేం కదా అన్నది వాళ్ళ భయం. నియమం పెట్టేది మంచివాళ్ళని చూసి కాదు. ఇంటికి తాళం వేసేది పక్కింటి వదినగారి మీద అనుమానంతోనా? కాదు కదా. రెండోది, భయం లేకపోయినా సిగ్గు ఉంటుంది. సిగ్గుకి కారణాలు చెప్పాలా? మగ శరీరం ఉన్న మనిషి ఎదురుగా చీర మార్చుకోలేను అనడానికి ఏ ఆడదీ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇది నా మాట కూడా.

ఇక రెండోవైపు చూద్దాం. నిష్ఠూరమైనా రెండో చెవితో కూడా వినాలి కదా.

ఆ గడ్డాల వేషం చూసి ట్రాన్స్ మనుషులు బాధపడ్డారు. మేము శుక్రవారం ఒక్కరోజు స్త్రీలం కాదు, మిగతా ఆరు రోజులూ కూడా అదే, మా బతుకుని మీరు వేషం అంటున్నారు అన్నారు. ఇదీ కాదనలేని మాటే. ఏళ్ళ తరబడి స్త్రీగా బతుకుతూ, మందులు వాడుతూ, కొందరు ఆపరేషన్లు కూడా చేయించుకుని, అయినవాళ్ళకి దూరమై ఉన్న మనిషిని, అట్టమీసం పెట్టుకున్నవాళ్ళతో సమానం చేస్తే మనసు చివుక్కుమనదా? మగవాళ్ళ గదిలోకి వెళ్ళమంటే అక్కడ మాకేమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా అని కూడా అడిగారు. ఇంకో చిక్కు కూడా చెప్పారు. గేటు దగ్గర ఎవరు ఎవరో ఎలా తేలుస్తారు? కాస్త పొడుగ్గా ఉండి, జుట్టు కురచగా కత్తిరించుకుని, గొంతు బొంగురుగా ఉన్న ఆడదాన్ని కూడా ఆపి, నువ్వు ఆడదానివేనా అని అడుగుతారా? అడిగితే ఆవిడ ఏమైపోవాలి?

మధ్యలో మగవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు పాపం. ఆ చెరువుకి తీరుబడిగా ఈదుకుందామని వచ్చినవాళ్ళకి ఏ పాపం తెలుసు? ఒంటి మీద లాగు తప్ప ఏమీ లేకుండా ఉన్నప్పుడు గుంపుగా ఆడవాళ్ళొచ్చి పడితే వాళ్ళకీ ఇబ్బందే. సిగ్గు ఆడవాళ్ళ ఒక్కరి సొత్తు కాదు. నన్నడిగితే ఆ నిరసనలో పాఠం అదే. ఒకరి ఏకాంతం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంకొకరి ఏకాంతంలోకి వెళ్ళవలసి వచ్చింది. అయినా ఎవరికీ గాయం కాలేదు, దేశమంతా ఆ విషయం మాట్లాడుకుంది. వాళ్ళు కోరుకున్నది అదే.

తర్వాత ఏమయిందో వరసగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి సంగతులు సగం విని వదిలేస్తే అపార్థాలే మిగులుతాయి.

ఈ చెరువుల్ని 1989 నుంచీ సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ చూస్తోంది. ఈ ఈతగాళ్ళకి ఆ కార్పొరేషన్‌తో పేచీలు కొత్తేం కాదు. చలికాలం తెల్లవారుజామున లైఫ్‌గార్డు లేకుండా మా బాధ్యత మీద మేం ఈదుతాం అని 2005లో కోర్టుకెళ్ళి గెలిచినవాళ్ళు వాళ్ళు. ఫీజు పెడితే ఏళ్ళ తరబడి గొణుక్కున్నారు. 2018లో కార్పొరేషన్ ఈ లింగ గుర్తింపు విషయమై ప్రజల అభిప్రాయం అడిగింది. వేలమంది రాశారు. 2019లో, స్త్రీలుగా జీవిస్తున్న ట్రాన్స్ మహిళలు ఆడవాళ్ళ చెరువుకి రావచ్చునని తన విధానంగా ప్రకటించింది.

ప్రభుత్వం మాత్రం వేరే దారి పట్టింది. 2018 జులై నుంచి అక్టోబరు దాకా జరిగిన అభిప్రాయ సేకరణకి లక్షకి పైగా జవాబులొచ్చాయి. 2020 సెప్టెంబరులో, స్వీయ ప్రకటన పద్ధతి తీసుకురావడం లేదని చెప్పింది. ఫీజు మాత్రం 2021లో 140 పౌండ్ల నుంచి 5 పౌండ్లకి తగ్గించింది. స్కాట్లండ్ శాసనసభ 2022 డిసెంబరులో స్వీయ ప్రకటన బిల్లు సొంతంగా ఆమోదిస్తే, 2023 జనవరిలో లండన్ ప్రభుత్వం దాన్ని అడ్డుకుంది.

ఇక చెరువు దగ్గరికి మళ్ళీ వద్దాం. అక్కడ ఈదే ఆడవాళ్ళకి ఒక సంఘం ఉంది. 2024 మార్చిలో ఆ సంఘం వార్షిక సమావేశంలో కొందరు సభ్యులు, పుట్టుకతో స్త్రీలైనవాళ్ళు మాత్రమే ఈ చెరువుకి రావాలి అని తీర్మానం పెట్టారు. అది ఓడిపోయింది. అంటే అక్కడ ఈదే ఆడవాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయన్నమాట. ఇది ఆడవాళ్ళకీ ట్రాన్స్ మనుషులకీ మధ్య యుద్ధం అని రాసే పత్రికలు ఈ సంగతి మర్చిపోతుంటాయి. ఒకే గట్టుమీద కూర్చుని టీ తాగే ఇద్దరు స్నేహితురాళ్ళు చెరో పక్షంలో ఉండవచ్చు.

2025 ఏప్రిల్ 16న అక్కడి సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. స్కాట్లండ్‌లోని ఒక మహిళా సంఘం వేసిన కేసు అది. 2010 నాటి సమానత్వ చట్టంలో స్త్రీ అనే మాటకి అర్థం పుట్టుకతో వచ్చిన లింగాన్ని బట్టే అని అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. అయితే, దీన్ని ఒక వర్గం మీద ఇంకో వర్గం గెలుపుగా చూడవద్దనీ, ట్రాన్స్ మనుషుల పట్ల వివక్ష చూపకూడదని అదే చట్టం చెబుతోందనీ తీర్పు చదివేటప్పుడు జడ్జీగారు వివరించారు. కోర్టు బయట మహిళా సంఘాలవాళ్ళు కౌగిలించుకున్నారు. మూడు రోజులకి లండన్ పార్లమెంటు ముందు మైదానంలో ట్రాన్స్ మనుషులూ, వాళ్ళ తరఫువాళ్ళూ వేలమంది చేరి నిరసన తెలిపారు. ఒకరికి తలుపు మూసినట్టు, ఇంకొకరికి తలుపు గడియ తిరిగి దొరికినట్టు.

తీర్పు తర్వాత చెరువు విధానం మీద మహిళల పక్షాన ఒక సంస్థ కోర్టుకెళ్ళింది. కార్పొరేషన్ 2025 చివర్లో మళ్ళీ అభిప్రాయ సేకరణ జరిపింది. 38 వేలమందికి పైగా జవాబు రాశారు. వాళ్ళలో నూటికి 86 మంది, ఇప్పుడున్న పద్ధతే ఉండనివ్వండి అన్నారు. ఓట్లు లెక్కపెట్టి హక్కులు తేలుస్తారా అని అవతలివాళ్ళు అడుగుతారు. వాడుకునేవాళ్ళని అడగకుండా నియమం చేస్తారా అని ఇవతలివాళ్ళు అడుగుతారు. రెండూ సబబైన ప్రశ్నలే.

ఇదంతా చదివాక నాకు మాత్రం ఒక విషయం తోచింది. అది ఏ లెక్కలోనూ కనపడదు.

మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువుకి ఆడవాళ్ళ రేవు ఒకటి, మగవాళ్ళ రేవు ఒకటి ఉండేవి. మధ్యలో చింతచెట్టు, పొదలు. ఎవరూ గీత గీయలేదు, బోర్డు పెట్టలేదు, అలా నడిచిపోయేది. తర్వాత గట్టు మీదుగా రోడ్డు వేశారు. చెట్టు కొట్టేశారు. వచ్చేపోయే సైకిళ్ళూ, లారీలూ అన్నీ ఆడవాళ్ళ రేవు పక్కనుంచే. ఏ ఆడదీ పంచాయతీ ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టలేదు. ఎవరూ మీటింగు పెట్టలేదు. ఏం జరిగిందో తెలుసా? ముందు తెల్లవారక ముందే వెళ్ళడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. నూతి దగ్గర తడక కట్టుకుని అవస్థ పడ్డారు. ఊళ్ళో మగవాళ్ళు, ఆడవాళ్ళకి చెరువు మోజు తగ్గింది అనుకున్నారు.

మన పద్ధతి అదే కదండీ. ఇబ్బంది అయితే అరవం. మానేస్తాం. బస్సులో ఇబ్బంది అయితే ఆ బస్సు మానేస్తాం. ట్యూషన్ దారిలో ఇబ్బంది అయితే పిల్లకి ట్యూషనే మాన్పిస్తాం. ఆ చెరువుకి కూడా చెప్పకుండా రావడం మానేసిన యూదు స్త్రీ ఉండవచ్చు, ముస్లిం స్త్రీ ఉండవచ్చు. ఆవిడ ఏ సర్వేకీ జవాబు రాయదు. అలాగే, గేటు దగ్గర ఎవరేమంటారోనని ఈతే మానుకున్న ట్రాన్స్ మహిళ కూడా ఉండవచ్చు. ఆవిడా ఏ సర్వేకీ దొరకదు. పోట్లాడేవాళ్ళ గొంతులు మనకి వినపడతాయి. మానేసినవాళ్ళ నిశ్శబ్దం ఎవరికి వినపడుతుంది? అందుకే గడ్డాలు పెట్టుకున్న ఆ ఆడవాళ్ళ వేషం నాకు పూర్తిగా నచ్చకపోయినా, మానెయ్యకుండా వచ్చి అడిగారు చూడండి, ఆ పని నచ్చింది. అదే కారణం చేత, పార్లమెంటు ముందు నిలబడ్డ ట్రాన్స్ మనుషుల పని కూడా నచ్చింది. ఇద్దరూ రాళ్ళు పట్టుకోలేదు. నోటితో అడిగారు.

మన సంగతేమిటి అని మీరు అడగవచ్చు. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, మనిషి తాను స్త్రీనో, పురుషుణ్ణో, మూడో వర్గమో తానే చెప్పుకునే హక్కుందని తీర్పు ఇచ్చింది. మన రైలు పెట్టెల్లో, కూడళ్ళలో చేయి చాచేవాళ్ళని చూసి ముఖం తిప్పుకునే అలవాటున్న మనకి అది పెద్ద మాటే. కానీ ఆడవాళ్ళ గదుల తలుపుల దగ్గర ఏం చేయాలన్నది అప్పుడు కోర్టు ముందున్న ప్రశ్న కాదు. మనదగ్గర అసలు గదులే కరువు. ఆడవాళ్ళకి తలుపు గడియ సరిగ్గా పడే మరుగుదొడ్డి బస్టాండులో దొరికితే అదృష్టం. అలాంటిచోట వాళ్ళనీ మనల్నీ పోట్లాట పెట్టడం తేలిక. ఇద్దరికీ సరిపడా తలుపులు పెట్టడం కష్టం. కష్టమైన పనే అడగాలి.

నేను చదువుకున్నది ఇంటర్మీడియెట్ వరకే. లాయర్లు తేల్చవలసింది నేను తేల్చలేను. కానీ పదిమంది ఉన్న ఇంట్లో ఒకే స్నానాలగదితో ఇరవై ఏళ్ళు సంసారం నడిపినదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, అందరూ కలిసి బట్టలు మార్చుకునే పెద్ద హాలు బదులు గడియ పడే చిన్న చిన్న గదులు కట్టాలి. పై నుంచి కింద దాకా తలుపు ఉండాలి. సగం పేచీ అక్కడే తీరుతుంది. మిగతా సగం తీరదు, అది నాకూ తెలుసు.

రెండోది, ఏ నియమం పెట్టినా గేటు దగ్గర స్పష్టంగా రాసిపెట్టాలి. ఇక్కడికి ఎవరు రావచ్చో ముందే తెలిస్తే వచ్చే ఆడది రావాలో వద్దో ఆలోచించుకుంటుంది. లోపలికొచ్చి బట్టలు విప్పాక తెలియడం అన్యాయం. ట్రాన్స్ మహిళకి కూడా అంతే. లోపలికి రానిచ్చి తర్వాత పదిమందిలో వెళ్ళగొట్టడం కంటే అవమానం ఏముంటుంది?

మూడోది, ఉన్న మూడు చెరువుల్లో అన్నీ ఒకేలా ఉండనక్కర్లేదు. కొన్ని వేళలు ఒకరికి, కొన్ని వేళలు ఇంకొకరికి కేటాయించవచ్చు. మన గుడి చెరువుల్లో, మన ఇళ్ళల్లో వంతులు వేసుకోవడం మనకి కొత్తా? వంతు వేసుకోవడం కూడా కొందరికి అవమానంగా తోస్తుందని విన్నాను. అయినా అసలు లేకపోవడం కంటే వంతు నయం అంటాను.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆడవాళ్ళ చోటు గురించి నిర్ణయం చేసేటప్పుడు ముందుగా ఆడవాళ్ళని అడగాలి. అడిగాక వాళ్ళు చెప్పింది వినాలి. సిగ్గుపడినందుకు ఎవరినీ మూర్ఖురాలు అనకూడదు. అదే నోటితో, ట్రాన్స్ మనిషిని చూసి ఎవరూ వెకిలిగా నవ్వకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అని ఎందుకనుకోవాలి? అత్తగారికీ కోడలికీ ఒకే వంటిల్లు చూపించి, ఇద్దరూ నవ్వుతూ ఉండాలి అనే లోకం కదా ఇది. మనకి చేతకాని సర్దుబాటు ఏముంటుంది! కాకపోతే ఈసారి సర్దుకునేది ఒక్కరే కాకూడదు.

మరి మీరేమంటారు? మీ ఊళ్ళో ఆడవాళ్ళ రేవు గానీ, ఈతకొలనులో ఆడవాళ్ళకి వేరే వేళలు గానీ ఉన్నాయా? మీరు చెప్పకుండా మానేసిన చోటు ఏదైనా ఉందా? ఉంటే, ఎందుకు మానేశారో నాలుగు ముక్కలు రాసి పంపండి. పేరు వెయ్యవద్దంటే వెయ్యం. మానేసినవాళ్ళ మాట ఎక్కడో ఒకచోట అచ్చులో పడాలి కదా.

ఇక లేవండి, పప్పు ఉడికే ఉంటుంది.